ఐదో కాంటూరు ఎక్కడుందో చెప్పని చదువు

గుడివాకలంకలో పుట్టి పెరిగిన పిల్లను పదో తరగతి సోషల్ పరీక్షలో కొల్లేరు గుర్తించమంటే గుర్తిస్తుంది. అవుట్‌లైన్ పటంలో కృష్ణా గోదావరుల మధ్య ఒక చుక్క పెట్టి, పక్కన పేరు రాసి, మార్కు తెచ్చుకుంటుంది. తన ఇల్లు ఆ చుక్కలోనే ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంటి చుట్టూ నేల సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందన్న ఒక్క అంకె మీదే నాన్న చేపల చెరువు గట్టు నిలవాలా తెగాలా అన్నది తేలుతుందని కూడా చెప్పలేదు. పుస్తకం చెప్పలేదు, గైడు చెప్పలేదు, ట్యూషన్ మాస్టారు చెప్పలేదు. పదేళ్లు సోషల్ చదివి, తన కాళ్ల కింది నేల ఎత్తు తెలియకుండా బడి దాటిన పిల్లకు మనం సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నాం. దీన్ని భూగోళ పాఠం అని పిలవడానికి నా నోరు రావడం లేదు.

కొల్లేటి లంకల్లో ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అన్న మాటలు టీ కొట్టు నుంచి అసెంబ్లీ దాకా నలుగుతూనే ఉన్నాయి. 1999లో ప్రభుత్వం ఈ సరస్సును ప్లస్ ఐదు అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించింది. అది 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కినప్పుడు లెక్కలోకి తీసుకున్నది ప్లస్ పది అడుగుల వరకు, 901 చదరపు కిలోమీటర్లు. ఆ తర్వాత ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. 2005, 2006ల్లో ఐదు కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో శాసనసభ ఆ హద్దును మూడుకు కుదించాలని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించవద్దంది. పాతికేళ్లకు పైగా ఒక ప్రాంతపు కూడు, ఓటు, కోర్టు కేసు అన్నీ మూడు, ఐదు, పది అనే అంకెల చుట్టూ తిరుగుతున్నాయి. ఆ అంకెల అర్థం ఏ తరగతిలో, ఏ పీరియడ్‌లో చెప్పారో నాకు చూపించండి.

కాంటూరు అంటే సగటు సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద గీసిన గీత. అది నీటి లోతు చెప్పదు, ఒడ్డు నుంచి దూరమూ చెప్పదు. నేల మీద కంటికి కనిపించదు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నేల నిటారుగా ఉందని, ఎడంగా ఉంటే చదునుగా ఉందని అర్థం. ఏడో తరగతి పిల్లలకు ఇది ఒక పూట పాఠం. ఆ పూట పాఠం ఒంటబట్టిన పిల్ల చేతికి పై అంకెలు ఇచ్చి చూడండి. పది అడుగుల దగ్గర 901, ఐదు అడుగుల దగ్గర 308. తేడా 593 చదరపు కిలోమీటర్లు. అంత నేల మొత్తం మీద ఎత్తు తేడా ఐదంటే ఐదే అడుగులు, హైస్కూలు పిల్లాడు నిలబడితే ఎంతో అంత. అంటే సగటున ఒక్క అడుగు ఎత్తుకు 118 చదరపు కిలోమీటర్లు, దాదాపు 29 వేల ఎకరాలు. అంగుళానికి 2,400 ఎకరాల పైమాటే. లెవెలింగ్ పరికరం పట్టుకున్న మనిషి అంగుళం తప్పు చదివితే ఎన్ని కుటుంబాల పొలం గీతకు అటు నుంచి ఇటు వస్తుందో ఆ పిల్ల నోటి లెక్కతో చెప్పగలదు. గీత ఎక్కడుందని అడగ్గలదు. గీత గీసిన మనిషిని నిలదీయగలదు. ఈ శక్తి ఆమెకు రానివ్వకుండా చుక్క పెట్టడం నేర్పి పంపిస్తున్నాం.

మ్యాప్ పాయింటింగ్ అనే తంతు గురించి మాట్లాడుకోవాలి. ఏటా వేసవి ముందు ప్రతి బడిలోనూ ఇదే జరుగుతుంది. ముఖ్యమైన నదులు, పర్వతాలు, రాజధానులు అని ఒక జాబితా ఇస్తారు. ఖాళీ పటాల కట్ట ఇస్తారు. పిల్లలు చెయ్యి తిరిగేదాకా పెట్టిన చోటే చుక్కలు పెడతారు. వేలికి అలవాటైన చోటు తప్ప బుర్రలోకి ఏమీ పోదు. ఆ పటాన్ని పక్కకు తిప్పి ఇస్తే సగం తరగతి తెల్లబోతుంది. ఉత్తరం కాగితానికి పైవైపు ఉంటుందని నేర్పారు, కిటికీలోంచి చూసి ఉత్తరం ఎటుందో చెప్పమంటే చెప్పలేరు. పటం కింద ఉన్న స్కేలుతో రెండు ఊళ్ల మధ్య దూరం కొలవమంటే ఆ స్కేలును ఎప్పుడూ చూడనట్టు చూస్తారు. పటం చదవడానికి దిక్కు, స్కేలు, గుర్తులు, ఎత్తు అనే నాలుగూ కావాలి. చుక్క పెట్టడానికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. అందుకే అది పరీక్షగా చెల్లుతోంది. దిద్దేవాళ్లకు సుళువు, రాసేవాళ్లకు సుళువు, ఫలితాల శాతానికి మేలు.

బట్టీ చదువు తప్పును కూడా ఎంత ధీమాగా మోస్తుందో ఒక్కటి చెబుతాను. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం కాకినాడ మీదుగా పోతుందని మన పిల్లలతో వల్లె వేయిస్తారు. కాకినాడ ఊరు దాదాపు 82 డిగ్రీల 15 నిమిషాల దగ్గరుంది. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశమంటే సుమారు 106 కిలోమీటర్లు, కాబట్టి ఆ రేఖ కాకినాడకు పాతిక కిలోమీటర్ల తూర్పున సముద్రంలో పడుతుంది, తుని పక్కన నేలకెక్కుతుంది. అట్లాసు తెరిచి స్కేలు పెట్టిన ఏ పిల్లయినా దీన్ని పట్టుకుంటుంది. అట్లాసు తెరవరు, స్కేలు పెట్టరు. ఏలూరు 81 డిగ్రీల 6 నిమిషాల దగ్గరుంది కాబట్టి డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సూర్యుడు గడియారం కంటే అయిదున్నర నిమిషాలు వెనకబడతాడని, ఆగస్టు మొదటి వారంలో మబ్బు లేని రోజున మధ్యాహ్నం పన్నెండుంపావుకు కాస్త ముందు బడి ఆవరణలో నిలబెట్టిన కర్రకు నీడే ఉండదని, ఏలూరు 16 డిగ్రీల 43 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉండడమే అందుకు కారణమని ఏ బడిలో చూపించారు? ఒక కర్ర చాలు. అక్షాంశం, రేఖాంశం అన్న మాటలకు ప్రాణం వస్తుంది. ఆ కర్ర నిలబెట్టే పదిహేను నిమిషాలు మన టైంటేబుల్లో లేవు, ఎందుకంటే ఆ పదిహేను నిమిషాలకు మార్కు లేదు.

తుపాను వచ్చినప్పుడు వాతావరణ శాఖ బులెటిన్‌లో ఫలానా అక్షాంశం, ఫలానా రేఖాంశం అని ఉంటుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల నుంచి ఏలూరు గీత గీసినట్టు కొలిస్తే 110 కిలోమీటర్లు. తీరం వెంబడి బతికే జనానికి ఆ రెండు అంకెలు చదివి దూరం కట్టుకోవడం రావాలా వద్దా? టీవీలో ఎర్రగా తిరిగే బొమ్మ చూసి భయపడడం తప్ప మనకేం నేర్పారు?

ఇక కొల్లేరు అసలు అక్కడెందుకు ఉందో మన బడుల్లో పాఠంగా చెప్పాల్సింది. అది ప్రపంచంలో ఏ భూగోళ పుస్తకానికైనా తలమానికమయ్యే పాఠం. నదికి వరద వచ్చినప్పుడల్లా బరువైన ఒండ్రును గట్టు దగ్గరే వదిలేస్తుంది, తేలికదాన్ని దూరం మోసుకుపోతుంది. వందల ఏళ్లు అలా గడిచాక నది పక్క నేల మెరకవుతుంది, నదికి దూరంగా ఉన్నది పల్లమవుతుంది. అటు గోదావరి, ఇటు కృష్ణ, ఎవరి డెల్టాను వాళ్లు పెంచుకుంటూ సముద్రంలోకి జరిగితే రెండింటి నడుమ మిగిలిపోయిన పల్లం కొల్లేరు. దానికి రుజువు కావాలంటే ఏలూరు కాలువ గట్టు మీదికి పిల్లల్ని తీసుకెళ్తే చాలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. గోదావరి నుంచి విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా పడమరకు వస్తుంది. కృష్ణ నుంచి బెజవాడ దగ్గర బయల్దేరిన ఏలూరు కాలువ తూర్పుకు వస్తుంది. ఎదురెదురుగా పారిన రెండు నదుల నీళ్లూ ఏలూరులో కలుస్తాయి. ఎదురెదురుగా వచ్చిన నీళ్లు ఒక చోట కలిశాయంటే ఆ చోటు రెంటికీ దిగువనే ఉండాలి. ఏలూరు పిల్లలు రోజూ ఆ కాలువ దాటి బడికి వెళ్తారు. దాటిన ప్రతిసారీ రెండు డెల్టాల అతుకు దాటుతున్నామని ఒక్క పిల్లాడికైనా తెలుసా?

తాడేపల్లిగూడెం పిల్లలకు ఇంకా దగ్గరి పాఠం ఉంది. వాళ్ల ఊరి కాలువ దాదాపుగా ఒక కాంటూరు వెంబడి నడుస్తుంది. నీరు దానంతట అది పారాలంటే కాలువను ఎత్తు పెద్దగా కోల్పోకుండా వాలు వెంట తీసుకుపోవాలి. అందుకే కాలువకు ఎగువన మెట్ట, దిగువన డెల్టా. ఒక పక్క బోర్లు, ఆయిల్‌పామ్ తోటలు. ఇంకో పక్క సార్వా, దాళ్వా. రెండు పంటల లోకాల మధ్య సరిహద్దును నేల ఎత్తు నిర్ణయించింది. దగ్గర్లోనే నందమూరు అక్విడెక్టు. పైన కాలువ పోతుంటే కింద నుంచి మెట్ట వాననీళ్లు మోసుకొచ్చే ఎర్రకాలువ దాటి, యనమదుర్రు డ్రెయిన్‌గా మారి భీమవరం వైపు వెళ్తుంది. వానాకాలంలో అక్కడ పొలాలు ఎందుకు మునుగుతాయో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఎత్తు గీతలున్న ఒక పటం, ఒక మధ్యాహ్నం చాలు. ఊళ్లో 2015 నుంచి నిట్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. విమానాలు దిగడానికి ఆ నేలను ఎందుకు ఎంచుకున్నారని తొమ్మిదో తరగతి పిల్లలను ఆలోచించమని ఎవరైనా అడిగారా? వాళ్లలో చురుకైన వాళ్లను ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ బెంచీకి కట్టేశాం. సోషల్ పీరియడ్‌ను లెక్కలకు అప్పిస్తారు, ఆ అప్పు ఎప్పటికీ తీరదు. ఇంటర్‌కొచ్చాక ఎంపీసీ, బైపీసీ గోడల మధ్య భూగోళం పేరు వినబడడమే అరుదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వచ్చిన ఆరో తరగతి సోషల్ పుస్తకంలో పెనమకూరు అనే కృష్ణా డెల్టా గ్రామం మీద ఒక పాఠం ఉండేది. ఒక నిజమైన ఊరు, దాని నేల, నీరు, పంట, మనుషులు. ఆ పద్ధతే సరైనది. ఆ పాఠం పట్టుకుని ప్రతి ఊరి బడీ తన ఊరి పాఠం తాను రాసుకుని ఉండాల్సింది. బదులుగా పెనమకూరును కూడా ప్రశ్నజవాబులుగా కోసి గైడులో పెట్టారు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మేడల మీద జనం రోజుల తరబడి పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు కొల్లేటికి పోయే వాగు అని, దాని దారిలో తాము ఇల్లు కట్టుకున్నామని అప్పుడు తెలిసింది చాలామందికి. ఇంతకు ముందు తెలిసే అవకాశమే లేదు. హొయాంగ్‌హోను చైనా దుఃఖదాయని అంటారని మన పిల్లలకు తెలుసు, కోసి బీహార్ దుఃఖదాయని అని తెలుసు. బెజవాడ దుఃఖదాయని పేరు పరీక్షలో రాదు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న వాగు గట్టు తెగితే నీళ్లు తమ వీధికి ఎన్ని గంటల్లో వస్తాయో పటం చూసి అంచనా వేయగల మనిషి ప్రతి వీధికీ ఒక్కరుంటే ఆ రాత్రి ఎంతమంది సమయానికి కదిలి ఉండేవాళ్లు!

ఆ నీళ్లే దిగి కొల్లేటికి వచ్చాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు మీద చిన్నఎడ్లగాడి దగ్గర వరద పొంగి పారింది. లంకలు దీవులయ్యాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ కలిసి తెచ్చిన నీటికి సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇక్కడా ఒక చిన్న లెక్క. సరస్సు నీటిమట్టం ఐదు అడుగులనుకుందాం. ఉప్పుటేరు పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. మీటరున్నర ఎత్తు 60 కిలోమీటర్ల దూరంలో దిగాలి, అంటే కిలోమీటరుకు రెండున్నర సెంటీమీటర్లు, వేలెడు వెడల్పు. సముద్రంలో పోటు వచ్చిందంటే ఆ వేలెడు వాలు కూడా ఉండదు. అటువంటి దారిలో గుర్రపుడెక్క పేరుకుంటే, గట్లు వేస్తే, పూడిక తీయకపోతే నీరు ఎక్కడికి పోతుంది? నీరు పల్లమెరుగు అన్నారు మన పెద్దలు. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలరు. చేస్తే ఎన్నికల సభలో ‘వరద సమస్య శాశ్వతంగా పరిష్కరిస్తాం’ అన్న నాయకుణ్ణి ‘ఎట్లా?’ అని అడుగుతారు. బహుశా అందుకే ఈ లెక్క పుస్తకంలో ఉండదు. అనుమానించడానికి నాకు కారణాలున్నాయి.

పటం ఎప్పుడూ అధికారం చేతి ఆయుధమే. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర గొలుసుతో భూమి కొలవడం మొదలుపెట్టినప్పుడు, అంతకు ముందు 1767లో సర్వే ఆఫ్ ఇండియా పుట్టినప్పుడు, ఈస్టిండియా కంపెనీకి కావలసింది సైన్యం నడిచే దారి, శిస్తు కట్టే నేల. అయితే ఆ పని తెల్లవాళ్లు ఒంటరిగా చేయలేకపోయారు. దేశపు తొలి సర్వేయర్ జనరల్ కాలిన్ మెకంజీకి కుడిభుజమైన కావలి సోదరులు ఏలూరు వాళ్లు. బొర్రయ్య మెకంజీ వెంట మైసూరు సర్వేలో ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయతులు పోగుచేశాడు, 1803లో చిన్న వయసులోనే పోయాడు. లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. రామస్వామి 1828లో కలకత్తాలో దక్కన్ నగరాల, స్థలాల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. రెండు వందల ఏళ్ల కిందట దేశాన్ని కాగితం మీదికి ఎక్కించిన పనిలో ముందు నిలబడ్డ తెలుగువాళ్ల ఊరు ఏలూరు. ఆ ఊళ్లో ఇవాళ పదో తరగతి పాసైన పిల్లకు టోపోషీటు అన్న మాట తెలియదు. నాకు ఒళ్లు మండుతోంది.

టోపోషీటంటే ఏమిటో ఇక్కడే చెబుతాను, బడి చెప్పదు కాబట్టి. సర్వే ఆఫ్ ఇండియా దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్లుగా విడదీసి నంబర్లు వేసింది. 16 నుంచి 20 అక్షాంశం, 80 నుంచి 84 రేఖాంశం మధ్య గడి నంబరు 65. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు గళ్లు చేసి, పై నుంచి కిందికి నిలువు వరసల్లో ఎ, బి, సి అని అక్షరాలిస్తే 81-82 రేఖాంశాల మధ్య అడుగున ఉన్నది 65హెచ్. దాన్నీ మళ్లీ పదహారు చేస్తే ఏలూరు 65హెచ్/2లో, తాడేపల్లిగూడెం 65హెచ్/9లో పడతాయి. ఒక్కో షీటు పదిహేను నిమిషాల అక్షాంశం, పదిహేను నిమిషాల రేఖాంశం. స్కేలు 1:50,000, అంటే రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. బడి, గుడి, బావి, చెరువు, రైలు కట్ట, వంతెన, కల్లు తోపు, దేనికైనా ఒక గుర్తు ఉంటుంది. ఒకప్పుడు తీరప్రాంతపు షీట్లు మామూలు జనానికి దొరికేవి కావు. రక్షణ కారణాలన్నారు. 2005 పటాల విధానం ఆ తలుపు తెరిచింది. 2017 నుంచి ఓపెన్ సిరీస్ పటాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దింపుకోవచ్చు. 2021లో మిగిలిన ఆంక్షలూ చాలావరకు ఎత్తేశారు. అంటే ఇవాళ పటం దొరకదన్న సాకు లేదు.

ఆ షీటులో ఇంకొకటి కనిపిస్తుంది. మామూలుగా ఈ స్కేలులో కాంటూరు గీతలు ఇరవై మీటర్లకు ఒకటి గీస్తారు. కొల్లేటి గొడవంతా మూడు మీటర్ల లోపలిది. కాబట్టి ఈ పటంలో మూడు కాంటూరు, ఐదు కాంటూరు వెతికితే దొరకవు. వాటికి వేరే సర్వే, అడుగు ఎత్తును కూడా చూపే పెద్ద స్కేలు పటం కావాలి. అభయారణ్యం హద్దు తేల్చేది ఆ పటమే. ఆ పటం ఎన్ని లంక గ్రామాల సచివాలయాల్లో ఉంది? ఎన్ని హైస్కూళ్ల గోడలకు వేలాడుతోంది? తన జిరాయితీ పొలం గీతకు లోపలో బయటో తెలియని రైతు రాజకీయ నాయకుడి మాట నమ్మి ఒకసారి, అటవీశాఖ మాటకు భయపడి ఒకసారి, లీజుదారు డబ్బుకు ఒకసారి సంతకం పెట్టాడు. దోనె మీద తిరిగే మత్స్యకారుడికి సరస్సులో ఏ మూల లోతు ఎంతో, ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో చేతివేళ్ల మీద ఉంటుంది. ఆ తెలివికి కాగితం మీద చోటు లేదు కనుక కోర్టులో విలువ లేదు.

విలువ తెచ్చుకున్న వాళ్లు ప్రపంచంలో ఉన్నారు. కెనడా ఉత్తరాన ఇన్యూట్ వేటగాళ్లు తాము, తమ తాతలు ఎక్కడ వేటాడారో, ఎక్కడ చేపలు పట్టారో పటాల మీద తామే గీసి చూపారు. ఆ పని 1976లో పుస్తకాలుగా వచ్చింది. ఆ పటాలు వాళ్ల భూమి హక్కుల వాదనకు పునాది అయ్యాయి, 1999లో నూనవుట్ అనే ప్రాంతమే ఏర్పడింది. మంచు మీద బతికిన వాళ్లు చేయగలిగింది నీటి మీద బతికే కొల్లేటి వాళ్లు చేయలేరా? చేయడానికి కావలసింది పటం భాష. ఆ భాష నేర్పాల్సింది బడి.

కొల్లేరు దాకా ఎందుకు, 2020 డిసెంబర్‌లో మొదలైన భూముల రీసర్వే చూడండి. సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. ఊరూరా విస్తీర్ణం తగ్గిందని, హద్దు జరిగిందని గోల. పొలం పటం చేతికిస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, సర్వేయరు చూపించిన చోట వేలిముద్ర వేసేవాళ్లలో బీఏలు, బీటెక్‌లు ఉన్నారు. పొలం కొలతల పుస్తకమైన ఎఫ్ఎంబీలో గీతల పక్కనున్న అంకెలు కొలతలని, ఆ కొలతలు కలిపి తన గట్టు తానే సరిచూసుకోవచ్చని వాళ్లకు ఏ మాస్టారూ చూపలేదు. ఆస్తి కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారు గానీ ఆ ఆస్తి బొమ్మను చదవడం రాదు.

‘ఫోన్‌లో మ్యాపులున్నాయిగా, ఇంకా ఇవన్నీ ఎందుకు?’ అనేవాళ్లకు నా జవాబు ఇది. ఫోన్ నువ్వున్న చోట నీలి చుక్క పెట్టి కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అంటుంది. ఆ రోడ్డు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో, తమ్మిలేరు పొంగితే శనివారపుపేట కాజ్‌వే మీద నీళ్లు వస్తాయో రావో అది చెప్పదు. పరీక్షలో పిల్ల పెట్టే చుక్కకూ ఫోన్ పెట్టే చుక్కకూ నాకు తేడా కనిపించడం లేదు. రెండూ మనిషిని ఒక చోట నిలబెట్టి చుట్టూ ఉన్న నేలను చీకటి చేస్తాయి. ‘మార్కులు రావు, ర్యాంకు రాదు’ అనే తల్లిదండ్రులారా, మీ పిల్ల రేపు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేటప్పుడు అది చెరువు శిఖంలో ఉందో లేదో పటం చూసి తెలుసుకోలేకపోతే మీ ర్యాంకు ఆ నీళ్లలోనే మునుగుతుంది.

విద్యాశాఖను అడుగుతున్నాను. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల్లోని ప్రతి హైస్కూలుకూ ఆ బడి ఉన్న టోపోషీటు, ఆ ఊరి గ్రామ పటం, ఒక దిక్సూచి ఇవ్వండి. ఇది కోట్ల పథకం కాదు, ఒక బడికి ఏడాదికయ్యే సుద్దముక్కల ఖర్చు దాటదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చి కైకలూరును ఏలూరులో కలిపారు, తాడేపల్లిగూడేన్ని భీమవరం కేంద్రంగా ఉన్న జిల్లాలో ఉంచారు. కొల్లేటి మధ్యగా పోయిన పాత జిల్లాల గీత చాలావరకు చెరిగింది. ఆ మార్పును పిల్లలతోనే పటం మీద గీయించండి, పాలన గీతకూ నేల గీతకూ తేడా వాళ్లకే తెలుస్తుంది. పదో తరగతి ప్రశ్నపత్రంలో చుక్కలు పెట్టే ప్రశ్న తీసేయండి. ముందెన్నడూ చూడని ఒక పటం ముక్క అచ్చువేసి, ఈ రెండు ఊళ్ల మధ్య దూరమెంత, వాన పడితే నీరు ఎటు పారుతుంది, ఆసుపత్రి కట్టాలంటే ఎక్కడ కడతావు, ఎందుకు అని అడగండి. పరీక్ష మారితే గైడు మారుతుంది, గైడు మారితే బడి మారుతుంది. ఈ దేశంలో వేరే దారిలో ఏ బడీ మారడం నేను చూడలేదు. సోషల్ మాస్టార్లకు సర్వే శాఖ వాళ్ల చేత మూడు రోజులు పొలంలో శిక్షణ ఇప్పించండి, ఏసీ హాల్లో స్లైడ్లు వేసి కాదు.

లంక గ్రామాల పెద్దలకు వేరే మాట. హద్దుల సర్వేకు అధికారులు వచ్చిన ప్రతిసారీ మీ ఊరి తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలను బడి మాన్పించైనా సరే వెంట పంపండి. ఐదో కాంటూరు ఇదిగో అని ఆఫీసరు గారు వేలు చూపించినప్పుడు వాళ్లు అడగాలి: ఈ ఎత్తు ఏ బెంచ్ మార్కు నుంచి తీశారండీ, అది ఎక్కడుంది, ఏ సంవత్సరం సర్వే, ఆ లెవెల్స్ పుస్తకం మాకూ ఒక కాపీ ఇస్తారా?